పదకొండు రోజుల రంగు

తప్పు నాదే. ఇస్త్రీ చేసేదాన్ని ఇస్త్రీ చేసుకోక పాట ఎందుకు పాడాలి? సరే, పాడాను. సార్ వచ్చి "అదేం పాట విజయా?" అని అడిగినప్పుడు "ఏదో ఊరి పాట సార్" అని ఊరుకుంటే అయిపోయేది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అవ్వ, అంటే మా అమ్మ, నాకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉంది. అయినా ఆ రోజు చించుకున్నాను.

నా పేరు విజయరాణి. ఖతర్‌లో, అల్ రయ్యాన్‌లో ఒక విల్లాలో ఆరేళ్లుగా ఇంటిపని చేస్తున్నాను. ఇల్లు రామకృష్ణారావు సార్‌ది. ఏలూరు వైపు మనిషి, లుసైల్‌లో ఏదో ఆఫీసులో పెద్ద ఇంజినీరు. ఆయన భార్య శివకుమారి మేడం. చెడ్డవాళ్లు కారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు కోపమొస్తే నోరు ఆగదు, మీరు వాళ్లను రాక్షసులనుకుంటారు. నాకు జ్వరమొస్తే మేడం స్వయంగా జావ కాచి ఇచ్చింది. చెడ్డవాళ్లే అయితే నాలుగు తిట్లు తిట్టుకుని పడుకునేదాన్ని. నాకింత బాధ ఉండేది కాదు.

మాది జగిత్యాల దిక్కు. చిందోళ్లం. బండ్లమీద పెట్టెలు వేసుకుని ఊరూరా తిరిగి ఆట ఆడినవాళ్లం. మీరు నాటకం అంటారు, మేం ఆట అంటాం. మా ఆటలో ఎల్లమ్మ వేషం ఆడవాళ్లే కడతారు. మొహానికి పసుపుపచ్చ రంగు పూసి, కళ్లు దిద్ది, కిరీటం పెట్టారంటే ఇక ఆమె మనిషి కాదు, అమ్మవారు. పటేలైనా, దొరైనా వచ్చి కాళ్ల మీద పడాల్సిందే. తెల్లవారి రంగు కడుక్కుందంటే అదే మనిషి ఊరి బయట నిలబడి "నీ బాంచెన్" అనాలి. రాత్రి మొక్కిన చేతులే పొద్దున దూరం పొమ్మంటాయి. ఇందులో వింతేముందని మావాళ్లు అడిగేవారు కూడా కాదు.

నేను పాడిన పాట లచ్చవ్వది. లచ్చవ్వ మా అవ్వకు ముత్తవ్వ. నూటముప్పై ఏళ్ల కిందటి మనిషి.

లచ్చవ్వ ఏడేళ్లకే ఆటలోకి దిగిందట. ముందు రాజుగారి బిడ్డ వేషం, తర్వాత రాణి. పదహారేళ్లు వచ్చేసరికి మీసం పెట్టుకుని రాక్షసుడి వేషం కడితే ముందు వరసలో మగవాళ్లు చాపలతో సహా వెనక్కి జరిగేవాళ్లట. అప్పుడు మైకులు లేవు, కరెంటు లేదు. దివిటీల వెలుగులో తెల్లవార్లూ పాడాలి. ఆమె గొంతెత్తితే పక్క ఊరి కావలివాడికి వినబడేదని చెబుతారు. కొంచెం ఎక్కువ చెప్పి ఉండొచ్చు, మావాళ్లు ఆటగాళ్లు కదా. పెళ్లయి బిడ్డ పుట్టాక అత్త తన చేతులతో రంగు పూసి ఎల్లమ్మ వేషం ఆమెకు అప్పగించింది. అప్పటి నుంచి నలభై ఊళ్లలో ఎల్లమ్మంటే లచ్చవ్వే. బాలింతలు కూడా పసిపిల్లల్ని ఒళ్లో వేసుకుని వచ్చి పొద్దుగూకకముందే చోటు పట్టుకునేవారట.

అట్లా ఐదారేళ్లు ఏలింది. తర్వాత కరువొచ్చింది, కరువు వెనకే గత్తర వచ్చింది. కలరాను మా దిక్కు గత్తర అంటారు. ఒక దొర ఊళ్లో ఆట ఆడి, ఊరి బయట తోటలో పడుకున్నారు. తెల్లవారేసరికి మావాళ్లలో ఐదుగురికి వాంతులు, విరేచనాలు. లచ్చవ్వ బిడ్డ, ఆరేళ్లది, ఆ ఐదుగురిలో ఉంది. వాగు ఎండిపోయింది. చెలిమె తోడితే బురద వచ్చింది. నీళ్లున్నది ఒక్క దొర బావిలోనే. మావాళ్లు ఆ బావి గట్టెక్కితే రాళ్లతో కొడతారు.

లచ్చవ్వ ఆ పొద్దున మొహం కడుక్కోలేదు. కిరీటం తీయలేదు, గజ్జెలు విప్పలేదు. కడవ చంకన పెట్టుకుని నడివూళ్లోంచి గజ్జెలు మోగించుకుంటూ పోయి దొర బావిలో నీళ్లు చేదుకుంది. ఎవడు ఆపుతాడు? రాత్రి కాళ్ల మీద పడ్డవాళ్లే అందరూ. వాళ్లకు తెలియదా ఆమె లచ్చవ్వని? అందరికీ తెలుసు. తెలిసినా రంగు చూస్తే చెయ్యి లేవలేదు. ఐదో రోజున దొర మనిషిని పంపించాడు, ఆట అయిపోయింది, మొహం కడుక్కోమని. "ఆట ఎప్పుడు అయిపోవాల్నో అమ్మ చెప్తది, నీ దొర గాదు" అని పంపించింది. అట్లా పదకొండు రోజులు నీళ్లు మోసింది.

ఆ రోజుల్లో పసుపుపచ్చ రంగంటే అర్దళం. రాయి నూరి చేస్తారు. అది విషం. ఒక్క రాత్రి పూసుకుని, తెల్లారగానే నూనెతో తుడిచెయ్యాలి. లచ్చవ్వ రోజూ పాత రంగు మీదే కొత్త రంగు పూసుకుంది. పన్నెండో రోజు కడిగితే చర్మం కూడా వచ్చింది. ఒక కన్ను పోయింది. ఐదుగురిలో ముగ్గురు బతికారు. బిడ్డ బతికింది, ఆ బిడ్డ బతకబట్టే మా అవ్వ ఉంది, నేనున్నాను. లచ్చవ్వ మళ్లీ రంగు పూసుకోలేదు. ముప్పై ఏళ్లు నిండకముందే ఆమె ఆట ముగిసింది. తర్వాత ఇరవై ఏళ్లు తెర వెనక కూర్చుని వేరేవాళ్ల మొహాలు దిద్దింది.

ఈ కథను మేం ఎన్నడూ ఆడలేదు. ఎట్లా ఆడతాం? ఎదురుగా కూర్చునేది ఆ బావులవాళ్లే. అమ్మవారికి రంగు పూసేటప్పుడు, తెర వెనక, పూసే ఆమె పూయించుకునే ఆమెకు చెవిలో చెప్పాలి. మా అవ్వ గౌరవ్వకు వాళ్లమ్మ అట్లాగే చెప్పింది. అవ్వ నాకు చెప్పింది. నూటముప్పై ఏళ్లుగా ఈ కథ ఒక్కసారి కూడా తెర దాటి బయటికి రాలేదు.

నేను ఇస్త్రీపెట్టె పట్టుకుని సార్‌కు చెప్పేశాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"విజయా, ఇది మామూలు కథ కాదమ్మా. పందొమ్మిదో శతాబ్దంలో ఒక పల్లెటూరి నటి ఇంత పని చేసిందంటే... మన తెలుగు సంఘం వార్షికోత్సవానికి ఈసారి ఇదే నాటకం. నేనే రాస్తాను. మీ మేడం వేస్తుంది."

ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేశాను. అవ్వకు రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి సగం ఒళ్లు పడిపోయింది. నోరు ఒక పక్కకు పోయింది. మాటకు మాటకు మధ్య చాలాసేపు పడుతుంది. వదిన ఫోన్ పట్టుకుని ఉంటే మాట్లాడుతుంది.

"నీళ్ల ముచ్చట గూడ... చెప్తరా?" అని అడిగింది.

"చెప్తరు అవ్వా. అదే గదా కథ."

"అందరి ముంగట?"

"అందరి ముంగటనే. ఐదొందల మంది అస్తరట."

"నేను సచ్చేలోపు ఒక్కసారి..." అంది అవ్వ. ఆ తర్వాత మాట రాలేదు. వదిన ఫోన్ తీసుకుని, "ఏడుస్తుంది, అయినా మొకం మంచిగున్నది" అని చెప్పింది. ఆ రోజు నుంచి అవ్వ ఏ ఫోన్‌లోనూ నా ఆరోగ్యం అడగలేదు, నేను ఎప్పుడొస్తానని అడగలేదు. ఆట ఎప్పుడు అని మాత్రం అడిగింది.

శుక్రవారం శుక్రవారం మా విల్లా హాల్లోనే రిహార్సల్స్. నేను టీ ట్రే పట్టుకుని తిరుగుతూ వినేదాన్ని. మొదటి వారమే తెలిసింది, లచ్చవ్వ పేరు లక్ష్మాంబ అయిందని. లచ్చవ్వ అంటే స్టేజీ మీద నిండుగా ఉండదట. సరే, పేరుదేముంది అనుకున్నాను. రెండో వారం గత్తర వచ్చింది. ఊరంతా రోగంతో అల్లాడుతుంటే లక్ష్మాంబ చేతులెత్తి, "ఈ ఊరి ప్రజల ప్రాణాలు నిలిచేవరకు ఈ వేషం విప్పను" అని ప్రతిజ్ఞ చేసింది. తోట లేదు. చెలిమె లేదు. బిడ్డ లేదు. బావి ఉంది, కానీ ఎందుకుందంటే చివర్లో దొర ఆ నీళ్లు తెచ్చి లక్ష్మాంబ కాళ్లు కడుగుతాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, సార్ మా లచ్చవ్వను తీసుకుపోయి ఆ ఊరికే ఇచ్చేశాడు.

అందరూ పోయాక సార్ గ్లాసు పెట్టడానికి వంటింట్లోకి వచ్చాడు.

"సార్, నీళ్లేవి?" అన్నాను.

"ఏ నీళ్లమ్మా?"

"లచ్చవ్వ నీళ్ల కోసం గదా సార్ రంగు కడుక్కోలే. ఊరి కోసం గాదు. ఊరే గదా నీళ్లియ్యలే."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "నిజమే. నేను మొదట అలాగే రాశాను, నమ్ము. కమిటీ చదివింది. హాల్లో అన్ని రకాలవాళ్లూ కూర్చుంటారు విజయా. పరాయి దేశానికి వచ్చి కూడా మనలో మనకి ఈ కులాల గొడవ ఎందుకన్నారు. అదెప్పటి మాట, ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకన్నారు."

"మీకు ఎప్పటి మాటో సార్. మా అవ్వ ఇంకా బతికే ఉన్నది."

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఈ ఇంట్లో ఆరేళ్లలో అంత గొంతు నేను ఎప్పుడూ ఎత్తలేదు. సార్‌కు కోపం రాలేదు. వస్తే బాగుండేది. కాసేపు ఆలోచించి, "ఒక పని చేద్దాం. నాటకం అయ్యాక నిన్ను స్టేజీ మీదికి పిలుస్తాం. ఆవిడ వంశంలో మనిషివి కదా. మైకు ఇస్తాం. రెండు నిమిషాలు నువ్వే చెప్పు, నీ మాటల్లో. నువ్వు చెబితే ఎవరూ కాదనలేరు" అన్నాడు.

నిజంగా అన్నాడు. ఇప్పటికీ ఆయన అబద్ధమాడాడని నేను అనను.

ఇక నాకు ఆ రెండు నిమిషాలే పని. గిన్నెలు తోముతూ చెప్పుకున్నాను, పక్కలు పరుస్తూ చెప్పుకున్నాను. మా ఇంటి డ్రైవర్ రసూల్‌ది ప్రొద్దుటూరు. మేడం మాల్‌లోకి పోయినప్పుడు కారులో కూర్చుని ఫోన్‌లో టైం పెట్టి నా చేత చెప్పించేవాడు.

"రెండు నిమిషాల పదకొండు సెకండ్లు. ఆ గజ్జెలకాడ రవ్వంత బిరబిరా చెప్పల్లక్కా," అనేవాడు. "మైకు యెవురన్నా లాక్కుంటే యేం చేస్తావు?"

"కొరుకుత," అన్నాను.

"అట్టుండల్ల," అని నవ్వాడు.

అవ్వకు మాత్రం నాటకంలో నీళ్లు లేవని చెప్పలేదు. నేనే చెబుతాను కదా, ఇక తేడా ఏముందనుకున్నాను.

వార్షికోత్సవం శుక్రవారం సాయంత్రం, లుసైల్‌లో ఒక పెద్ద హాల్లో. మేడం మొహానికి రంగు నేనే పూయాలని సార్ ముందే చెప్పాడు. అర్దళం కాదు, షాపులో కొన్న డబ్బా రంగు. అయినా పద్ధతి పద్ధతే. నుదుటి నుంచి మొదలుపెట్టి, చెంపలకు దించి, గడ్డం దగ్గర ఆపాలి. మేడం కళ్లు మూసుకుని కూర్చుంది. నేను ఆమె చెవి దగ్గర వంగి మొత్తం చెప్పాను, తోట, చెలిమె, బిడ్డ, బావి, పదకొండు రోజులు. చెప్పకుండా పూయడం నాకు రాదు. ఆమె కనురెప్పల కింద తడి వచ్చింది.

"ఏడవకుండ్రి మేడం, రంగు పోతది," అన్నాను.

"నేను ఆయనతో గొడవ పెట్టుకున్నాను విజయా. వినలేదు," అంది మెల్లగా.

కళ్లు దిద్దడం అయ్యేసరికి సంఘం వాళ్లు వచ్చి నన్ను బయటికి పంపించారు. కిరీటం, నగలు వాళ్లే పెట్టారు. నేను స్టేజీ పక్కన తెర చాటున ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి మేడం వీపు తప్ప ఏమీ కనిపించదు. ప్రతిజ్ఞ వినిపించింది. చప్పట్లు వినిపించాయి. దొర కాళ్లు కడిగాడు, మళ్లీ చప్పట్లు. నేను పెదాలు కదిలిస్తూ నా మాటలు చెప్పుకుంటూనే ఉన్నాను. భయం లేదు. కోపం ఉంది కాబట్టి భయం లేదు.

సార్ మైకులో పిలిచాడు. "ఆ మహానటి వంశంలో ఐదో తరం ఆడబిడ్డ, మన మధ్యే, మన ఖతర్‌లోనే ఉంది. అమ్మా విజయరాణీ, రా."

వెళ్లాను. ఎదురుగా వెలుతురు. సార్ చేతిలో మైకు నా వైపు చాపి ఉంది. దాన్ని అందుకోబోతూ పక్కకు చూశాను.

ఎత్తు పీట మీద ఎల్లమ్మ నిలబడి ఉంది. పచ్చటి మొహం, దిద్దిన కళ్లు, కిరీటం. మా అవ్వ నిలబడ్డట్టే నిలబడింది. ఆ రంగు నేను పూసిందే, గంటన్నర కింద, ఈ వేళ్లతోనే. ఆ రంగు కింద ఉన్నది శివకుమారి మేడం అని నాకు తెలుసు. ఆమె ఇప్పటిదాకా పలికిందంతా అబద్ధమనీ తెలుసు. తెలిసి ఏం లాభం? నా మోకాళ్లు నన్ను అడగలేదు. పుట్టినప్పటి నుంచి ఆ మొహం కనబడితే వంగినవి, వంగాయి. రెండు చేతులూ ఆమె పాదాల మీద, నుదురు ఆమె వేళ్ల మీద పెట్టి పడిపోయాను. ఏడుపు కూడా వచ్చింది. ఎందుకు రావాలి?

హాలంతా లేచి నిలబడింది. అన్ని చప్పట్లు నాటకానికి కూడా కొట్టలేదు.

లేచి చెప్పొచ్చు కదా అని రసూల్ తర్వాత అడిగాడు. మీరూ అడుగుతారు. అమ్మ కాళ్లు పట్టుకున్నాక అమ్మ "పైలం బిడ్డా" అని దీవించాలి. ఆ మాట వచ్చేదాకా మొక్కినవాళ్లు నోరెత్తరు. ఎత్తకూడదని కాదు, మాలో ఎవరికీ ఎత్తడం రాదు. మేడంకు ఆ సంగతేం తెలుసు? నన్ను లేవదీసి కౌగిలించుకుంది. వెన్ను నిమిరింది. పలకలేదు. నేను ఆమె నోటి వైపే చూస్తూ నిలబడ్డాను. నోట్లో మాటలన్నీ ఉన్నాయి, మొదటి మాట దగ్గర నాలుక కదలలేదు.

సార్ నా వైపు చాపిన మైకు తన నోటి దగ్గరికి తీసుకుని అన్నాడు, "ఏం చెబుతుంది ఆ తల్లి? ఆ కన్నీళ్లే అన్నీ చెప్పేశాయి. ఇక మాటలెందుకు?"

శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. ముఖ్య అతిథి మాట్లాడాడు. వంశస్థురాలే వచ్చి పాదాలకు మొక్కిందంటే ఈ నాటకానికి ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలన్నాడు. మేడం రంగు కడుక్కుని బయటికి వచ్చేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు.

సార్, మేడం భోజనాలకు ఆగిపోయారు. రసూల్ నన్ను విల్లాకు తీసుకొచ్చాడు.

"యాల మొక్కితివక్కా?" అన్నాడు దారిలో. "మైకు నీ చేతికాడికి వచ్చె గదా."

"మొకం అమ్మది తమ్మీ," అన్నాను.

"ఆ మొకం రాసింది నువ్వే గదక్కా."

శాలువా ఒళ్లో ఉంది. కిటికీ తెరిచి పారేద్దామనిపించింది, ఆ పని కూడా చేయలేదు.

పొద్దున టిఫిను చేస్తుంటే ఫోన్ మోగింది. వదిన. ఫొటో ఎవరో పంపించారట, ఊరంతా చూశారట. అవ్వ రాత్రి నుంచి నిద్ర పోలేదట. ఫోన్ అవ్వ చెవి దగ్గర పెట్టింది.

"చెప్పినవా?"

పొయ్యి మీద పెనం కాలుతోంది. నిజం చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట విని అవ్వ ఏమైపోతుందో నాకు తెలుసు.

"చెప్పిన అవ్వా."

"నీళ్ల ముచ్చట?"

"నీళ్ల ముచ్చటే చెప్పిన."

"అందరి ముంగట?"

"అందరి ముంగట. మైకుల."

"ఎట్ల చెప్పినవో... నాకు చెప్పు," అంది అవ్వ.

తలుపు వైపు చూశాను. హాల్లో సార్ కాఫీ తాగుతూ, ఎవరెవరు ఎంత మెచ్చుకున్నారో ఫోన్‌లో చూసి మేడంకు చదివి వినిపిస్తున్నాడు. నా గొంతు కొంచెం పెరిగినా వినిపిస్తుంది. గోడ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టాను. తోట. చెలిమె. బిడ్డ. రంగు కడుక్కోని పొద్దున. కడవ చంకన పెట్టుకుని నడివూళ్లోంచి గజ్జెలు...

"విజయా, ఎవరితో మాట్లాడుతున్నావు?" అని మేడం అడిగింది.

"మా అవ్వతోని మేడం."

"ఆగినవేంది బిడ్డా?" అంది అవ్వ. "అక్కడ గూడ... ఆగినవా?"

"లేదవ్వా. అక్కడ ఆగలే."

"అయితె చెప్పు. జర గట్టిగ చెప్పు. ఇనస్తలేదు."

గొంతు పెంచలేకపోయాను. ఫోన్ నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుని చెప్పాను.